లేవని చెయ్యి

దువ్వెన కింద పడిన చప్పుడుకు సారక్క వంటింట్లోంచి తొంగి చూసింది.

కోడలు శకుంతల మంచం పట్టె మీద కూర్చొని ఉంది. సగం జడ అల్లి, సగం విరబోసి ఉంది. కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంటే, అది తనది కానట్టు దాని వైపే చూస్తోంది.

"ఏమైందే?"

"చెయ్యి లేస్తలేదు అత్తా."

"తిమ్మిరి పట్టిందేమొ. జర ఇదిలిచ్చు."

"తిమ్మిరి కాదు. లేపుదామంటే లేస్తలేదు. నిన్న మంచిగనే ఉండె."

సారక్క వచ్చి ఆ చెయ్యి పట్టుకొని మెల్లగా పైకెత్తబోయింది. శకుంతల అరవలేదు. పళ్లు బిగించింది. కళ్లలోంచి నీళ్లు మాత్రం బొటబొటా రాలాయి. సారక్క గబుక్కున చెయ్యి వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

రేపు పొద్దున్నే చెరువు దగ్గర ఈత. ఆ ఊరి చేపల సంఘంలో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. సభ్యుడు పోతే, ఏడాది తిరిగేలోగా ఆ ఇంటి నుంచి ఒకరు అందరి ముందు ఈది చూపించి అతని పేరు తీసుకోవాలి. లేకపోతే ఆ ఇంటికి చెరువులో వల వేసే హక్కు పోతుంది. శకుంతల పెనిమిటి మొగిలి గుండె ఆగి పోయి ఏడాది కావస్తోంది.

"నేనే ఈదుత" అని శకుంతల పోయిన వారం సంఘం పెద్దల ముందు నిలబడి అన్న మాటను ఊరు ఇంకా నములుతూనే ఉంది.

నోట్లో పళ్లపుల్లతో ఉపేందర్ లోపలికి వచ్చాడు. మొగిలి తమ్ముడు. భూపాలపల్లిలో చేసే కాంట్రాక్టు పని పోతే, పెళ్లాం పిల్లలను అక్కడే అత్తగారింట్లో ఉంచి ఊరికి వచ్చాడు. వచ్చి తన పేరు కూడా ఈతకు ఇచ్చాడు. అంటే ఆ ఇంట్లో ఇద్దరు పోటీదారులు ఒకే కుండలో వండుకొని, ఒకే చారు పోసుకొని తింటున్నారు.

"చెయ్యి నొస్తుందా వదినా?"

"లేదు."

"నొస్తే ఊకో. నేను దిగుత గద. నాకు పేరొస్తే నిన్ను ఇడిచిపెడ్తనా?"

"ఎందుకు ఇడిచిపెడ్తవ్? చేపలు తెచ్చి పులుసు పెట్టమంటవ్."

ఉపేందర్ పళ్లపుల్ల తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. అతను చెడ్డవాడు కాదు. అదే శకుంతలకు మరీ ఒళ్లుమంట. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేది.

బయట స్కూటీ ఆగింది. లతీఫా బేగం. జఫర్‌గఢ్ దారిలో ఆమెకు నాలుగెకరాల పొలం, ఒక మెట్ల బావి ఉన్నాయి. నెల రోజులుగా శకుంతల ఈత అంతా ఆ బావిలోనే. ఊరి కళ్లు పడకుండా పొద్దున్నే తీసుకెళ్లి, తను మెట్ల మీద కూర్చొని కాపలా కాసేది లతీఫానే.

లతీఫా ఆ చెయ్యి చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

"నడువ్. మానుకోటకు పోదాం. సుమన దగ్గరికి."

"దవాఖాన ఎందుకు?" అంది సారక్క. "ఉప్పు మూటతోని కాపడం పెడ్త."

"నెల నుంచి కాపడమే గద పెడ్తున్నవ్ సారవ్వా. ఇది కాపడానికి తగ్గేటట్టు లేదు."

సారక్క కింద పడిన దువ్వెన తీసి, కోడలి వెనక కూర్చొని మిగిలిన సగం జడ అల్లింది.

*

తొర్రూరు మీదుగా బస్సులో మానుకోట, అదే మహబూబాబాద్, చేరేసరికి ఎండ ముదిరింది. సర్కారు దవాఖానలో చేతులకు, కాళ్లకు వ్యాయామాలు చేయించే అమ్మాయి సుమన. శకుంతలను చూడగానే నవ్వబోయి, ఆ చెయ్యి వేలాడే తీరు చూసి నవ్వు ఆపేసింది.

శకుంతలది చిట్యాల దగ్గరి పల్లె. పుట్టింట్లో అన్నదమ్ములతో సమానంగా ఈదిన పిల్ల. పెళ్లయి ఈ ఊరికి వచ్చాక మళ్లీ నీళ్లలో దిగలేదు. కోడలు చెరువులో ఈదితే నలుగురు నాలుగు రకాలుగా అంటారని మొగిలి అనేవాడు. మొదటిసారి లతీఫా బావిలో దిగిన రోజు ఆమెకు ఏడుపొచ్చింది. ఈత మరిచిపోలేదు గానీ, ఊపిరి అందలేదు. చేతులు చెప్పిన మాట వినలేదు. ఆ వారంలోనే కుడి భుజం పట్టేసింది.

అప్పుడే సుమన దగ్గరికి వచ్చారు. అత్త కూడా తోడు వచ్చింది. సుమన బల్ల మీద పక్కకు పడుకొని మరీ చూపించింది. నొప్పి ఉన్న చెయ్యి తొడకు ఆనించి ఉంచాలి. తల ఒక పక్కకు వాల్చి, రెండో చేత్తో, కాళ్లతో ఈదాలి. గోడ మీద వేళ్లు పాకించాలి. రబ్బరు పట్టీ లాగాలి. చెయ్యి భుజం దాటి పైకి లేవకూడదు. ఇంతే. శకుంతల ఇదంతా చేసింది. నొప్పి సగానికి సగం తగ్గింది కూడా.

"నిన్న ఏం చేసిండ్రు అక్కా?" సుమన భుజాన్ని వేళ్లతో తడుముతూ అడిగింది.

"ఈదిన."

"పక్కకు పండుకొనేనా?"

శకుంతల తల దించుకుంది. "బారలేసి ఈదిన."

లతీఫా ఉలిక్కిపడింది. నిన్న ఒక్కరోజే తను మెట్ల మీద నుంచి లేచి మిరప చేనుకు నీళ్లు మళ్లించడానికి పోయింది.

"అట్ల ఈదద్దని చెప్పిన గద అక్కా."

"నొయ్యలే మేడం. అస్సలు నొయ్యలే. అందుకే ఈదిన."

ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు. నిన్న నీళ్లలో చెయ్యి పైకెత్తితే ఎత్తినంత దూరం పోయింది. బావి ఆ గోడ నుంచి ఈ గోడకు, మళ్లీ ఆ గోడకు. పుట్టినూళ్లో అన్నలను ఓడించిన పిల్ల తిరిగి వచ్చి తన ఒంట్లో దూరినట్టయింది. ఒక్కతే నవ్వుకుంది. మొగిలి చూస్తే బాగుండనుకుంది. రేపు ఆ పేరు తనదేనని నమ్మకం కుదిరింది.

సుమన వేళ్లు ఒకచోట ఆగిపోయాయి.

"ఈడ సూది ఎవరేసిండ్రు?"

"మా ఊరి డాక్టరు. నిన్న పొద్దుగాల ఇంటికొచ్చి ఏసిండు. బలానికి."

"బలం సూది భుజం కీలులకు ఎయ్యరు అక్కా."

శకుంతలకు అర్థం కాలేదు. లతీఫాకు అర్థమైంది. ఫోన్ తీసి ఆ ఊరి డాక్టరుకు కలిపి, స్పీకర్ పెట్టింది.

"ఆర్ఎంపీ సాబ్, శకుంతలకు నిన్న ఏం సూది ఏసినవ్?"

"నొప్పిదే. సారవ్వ వచ్చి అడిగింది. నొప్పి సూది అంటే ఏయించుకోదు, బలం సూదని చెప్పుమన్నది. ఎందుకు, ఏమన్న అయిందా?"

లతీఫా ఫోన్ పెట్టేసింది.

గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎవరో పిల్లవాడు పక్క గదిలో ఏడుస్తూనే ఉన్నాడు. శకుంతల తనొక్కతే ఎక్కడో ఆగిపోయినట్టు కూర్చుంది.

"మీ అత్తమ్మ ముందటనే చెప్పిన గద," అంది సుమన నెమ్మదిగా. "నొప్పి సూది ఏయించుకొని నీళ్లల్ల దిగద్దని. నొప్పి పోలే అక్కా. నొప్పి మీకు తెల్వకుంట అయింది. లోపల నరం లెక్క ఒక కండ ఉంటది, అది చినిగినట్టున్నది. స్కానింగ్ తీస్తే తెలుస్తది. రేపు మాత్రం మీరు దిగొద్దు."

"దిగకపోతే పేరు పోతది."

"దిగితే చెయ్యి పోతది."

శకుంతల మనసులో చెయ్యీ లేదు, పేరూ లేదు. జడ అల్లుతున్న సారక్క వేళ్లు మాత్రమే ఉన్నాయి. ఆ వేళ్లు ఏమీ తెలియనట్టు ఎట్లా అల్లాయి?

*

వాళ్లు ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. సారక్క వాకిట్లో చేటలో బియ్యం ఏరుతోంది. ఉపేందర్ వలకు పడిన కన్నాలు కుడుతున్నాడు. కోడలి మెడలో కట్టిన పట్టీ, అందులో వేలాడుతున్న చెయ్యి చూసి సారక్క చేట పక్కన పెట్టింది.

"అది ఏం సూది అత్తా?"

సారక్క చేట మళ్లీ దగ్గరికి లాక్కుంది.

"డాక్టరు చెప్పిండు తియ్. నేను నీ నోటితోని విందామనుకుంటున్న."

"నొప్పి తగ్గాలెనని..."

"నొప్పి సూది వద్దని మేడం చెప్పినప్పుడు నువ్వు నా పక్కన్నే ఉన్నవ్. ఇన్నవా, ఇనలేదా?"

"ఇన్న."

"ఇని గూడ ఏయించినవా?"

"దవాఖాన పిల్లకు ఏం తెలుస్తది?" అంది సారక్క. "నాట్లు పడ్డప్పుడు, పత్తి ఏరేటప్పుడు మేమందరం ఏయించుకోలేదా? పొద్దుగాల సూది, పొద్దుగూకే దాంక పని. ఎవరికేమైంది?"

"నీకే అయింది సారవ్వా," అంది లతీఫా. "నీ కుడి చెయ్యి ఎన్నడన్న చక్కగ లేసిందా? పైన గడంచె మీది డబ్బ తియ్యనీకి కోడల్ని పిలుస్తవ్."

సారక్క కుడి భుజం మీద కొంగు సర్దుకుంది. ఆ మాట ఆమెకు తగిలింది. తగిలినట్టు కనబడనివ్వలేదు.

శకుంతల ఇంకా నిలబడే ఉంది. "మరి బలం సూదని ఎందుకు చెప్పినవ్?"

"నిజం చెప్తే ఏయించుకోవని."

"నేను ఈత మంచిగ ఈదాలెననా? లేకపోతే ఈత కాడికి రాకుండ చెయ్యాలెననా?"

ఉపేందర్ చేతిలో దారం ఆగిపోయింది. సారక్క కోడలి ముఖంలోకి చూసింది, తర్వాత చిన్నకొడుకు వైపు చూసింది. ఆ రెండో చూపే శకుంతల గుండెలో గుచ్చుకుంది.

"అవ్వా," అన్నాడు ఉపేందర్. "గిది నా కోసం చేసినవా?"

"ఎవరి కోసం చేస్తే ఏంది? అయిపోయింది గద."

"అట్లనకు. నేను నిన్ను అడిగిననా? వదినె చెయ్యి ఇరగ్గొట్టుమని నేను చెప్పిననా?"

"నువ్వు చెప్పలే."

"మరి ఊరంతా నన్నే అంటది గద."

సారక్క లేచి లోపలికి పోయింది. ఒక తల్లి అట్లా లేచిపోతే మిగిలినవాళ్లు ఏం అనుకోవాలి? శకుంతల అనుకోవలసిందే అనుకుంది. పెద్దకొడుకు పోయాడు, ఉన్నది చిన్నకొడుకు. చెరువులో వల అతని చేతికి రావాలనుకుంది ముసలిది. నెల రోజులు ఉప్పు మూట వేడి చేసి భుజానికి ఒత్తిన చేత్తోనే ఆ భుజం తీసేసింది.

లతీఫా ఆమె వీపు నిమిరింది. "మా ఇంటికి రా. నాలుగు రోజులు ఉండు."

"రాను అక్కా. రేపు చెరువు కాడికి పోవాలె."

"పాగల్ అయినవా? ఆ చేత్తోని?"

"ఇంకో చెయ్యి ఉన్నది గద."

ఆ పూట సారక్క అన్నం వండి ఇద్దరికీ వడ్డించింది. ఉపేందర్ రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. శకుంతల కంచం ముట్టలేదు. సారక్క మాత్రం కుండ మీద మూత పెట్టి, ఆ మూతనే చూస్తూ కూర్చుంది.

*

పొద్దున చెరువు కట్ట మీద జనం జాతరకు వచ్చినట్టు వచ్చారు. వచ్చింది ఈత చూడటానికి కాదు, ఆ ఇంటి రచ్చ చూడటానికి. నీళ్ల మధ్యలో థర్మాకోల్ తెప్ప ఒకటి తాడుతో కట్టి ఉంచారు. తూము దగ్గర దిగి, తెప్పను ముట్టుకొని, మళ్లీ తూము దగ్గరికి రావాలి.

సంఘం పెద్ద కొమురెల్లి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"మొగిలి ఇంటి దిక్కు నుంచి ఇద్దరు పేర్లిచ్చిండ్రు. ఒకరెనక ఒకరు దిగాలె, ముందుగల ఈది వచ్చినోళ్లదే పేరు. ఒకరు నీళ్లల్ల ఉండంగ ఆ ఇంటోళ్లే ఇంకొకరు దిగి చెయ్యందిస్తే, ఇద్దరి లెక్కా అయిపోయినట్టే, ఇద్దరికీ పేరు రాదు. ఎనకట అన్నను తమ్ముడు తోసుకొచ్చేటోడు, అందుకే పెట్టుకున్న కట్టుబాటు. ఎవరన్న మునుగుతుంటే తియ్యనీకి మా పిల్లలు తెప్ప మీద తయారున్నరు. ఇన్నరు గద?"

శకుంతల తల ఊపింది. మెడలో పట్టీ తీసేసింది. చెయ్యి పక్కన వేలాడుతోంది. ఎడమ చెయ్యి, రెండు కాళ్లు చాలని రాత్రంతా తనకు తాను చెప్పుకుంది. చాలవని కూడా తెలుసు.

"ముందు ఎవరు?"

"నేను," అన్న మాట వెనక నుంచి వచ్చింది.

జనం పక్కకు జరిగారు. సారక్క వస్తోంది. చీర గోచీ పోసి కట్టింది. కొంగు నడుముకు బిగించింది. అరవై దాటిన ఆ కాళ్లు పొద్దున ఎండలో బక్కగా, తెల్లగా కనబడ్డాయి.

"నువ్వెందుకు సారక్కా?" కొమురెల్లి నవ్వబోయాడు.

"నేను మొగిలి తల్లిని. మా ఇంటిదాన్ని కానా? నా పేరు గూడ రాసుకో. పెద్దదాన్ని, ముందు నేనే దిగుత."

మొగిలి తండ్రి ఉన్న రోజుల్లో సారక్క ఆయనతో పాటు నీళ్లలో దిగి చేపలను వలలోకి తోలేదని ముసలివాళ్లకు తెలుసు. ఆ తర్వాత ఆమె నీళ్లలో దిగగా చూసినవాళ్లు లేరు. ఉపేందర్ తల్లి రెక్క పట్టుకున్నాడు.

"అవ్వా, నీకు దిమాక్ ఉన్నదా? రా, ఇంటికి పోదాం."

"ఇడువు."

శకుంతల ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"చెయ్యి తీసింది చాలలేదా అత్తా? నా కంటె ముందు దిగి ఆ పేరు ఎవరికిస్తవ్?"

సారక్క ఆమె కళ్లలోకి చూసింది. ఆమె కోడలిని భుజంతో మెల్లగా పక్కకు జరిపి, తూము మెట్లు దిగి నీళ్లలోకి పోయింది.

మొదట కాసేపు తడబడింది. తర్వాత చేతులు దారికొచ్చాయి. ముసలి ఒళ్లు అంత సాఫీగా నీళ్లు కోసుకుంటూ పోతుందని ఎవరూ అనుకోలేదు. "అరె, పోతున్నది" అన్నాడొకడు. ఆమె తెప్పను ముట్టుకుంది. కట్ట మీద కొందరు చప్పట్లు కొట్టారు. శకుంతల తూము మెట్ల దాకా వచ్చింది. అయిపోయింది. ఆ పేరు అత్తది. అత్తది అంటే ఉపేందర్‌ది.

తిరిగి వస్తూ సగం దూరంలో సారక్క కుడి చెయ్యి నీళ్లలోంచి పైకి రావడం ఆగిపోయింది.

తల ఒక పక్కకు వాలింది. ముఖం సగం నీళ్లలో, సగం బయట. ఒక చెయ్యి మాత్రం అప్పుడప్పుడు కదులుతోంది. పక్కకు ఒరిగి, కొంచెం మునిగి, కొంచెం తేలి.

"అవ్వా," అని ఉపేందర్ మెట్లు దిగాడు. నీళ్లు పాదాలు తడిపాయి. అక్కడే ఆగాడు. కొమురెల్లి వైపు తిరిగి చూశాడు. తెప్ప మీది పిల్లలూ కొమురెల్లి సైగ కోసమే చూస్తున్నారు. కొమురెల్లి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని నీళ్లలోకే చూస్తున్నాడు, ఇంకా ఏమీ చెప్పలేదు.

శకుంతల ఎవరి వైపూ చూడలేదు. దూకింది.

కుడి భుజంలో నిప్పు పెట్టినట్టయింది. కాళ్లతో తన్నుకుంటూ, ఎడమ చేత్తో నీళ్లు లాక్కుంటూ పోయింది. అత్త చేసిన పని ఆమెకు గుర్తు లేదు. పేరు గుర్తు లేదు. మునుగుతున్న మనిషి ఒకతే కనబడుతోంది. చేరుకొని, ఎడమ చేత్తో ఆమె నడుము పట్టుకుంది.

సారక్క ఉలిక్కిపడి తల తిప్పింది. ఆమె కళ్లలో బెదురు లేదు. ఊపిరి కూడా ఎగపోయడం లేదు.

"ఎందుకొచ్చినవే?"

"మునుగుతున్నవ్ అత్తా..."

"మునుగుడు ఏంది? చెయ్యి నొస్తే పక్కకు పండుకున్న. దవాఖాన పిల్ల బల్ల మీద పండి నీకు చూపియ్యలేదా? నేను గూడ చూసిన గద."

శకుంతల చెయ్యి ఆమె నడుము మీదే ఉండిపోయింది. తీయాలని కూడా తోచలేదు.

"సూది ఏయించి నీ చెయ్యి నేనే పాడు చేస్తి," అంది సారక్క. ఇప్పుడు ఆమె గొంతు పగిలింది. "నొప్పి లేకుంటె గెలుస్తవనుకున్న. నిన్న ఏ మొఖంతోని చెప్పాలె? ఉపేందర్ ఇన్నడంటే నన్ను దిగనియ్యడు. గందుకే నోరు మూసుకున్న. జరంత అయితే ఒడ్డుకు పడుదును. ఆ పేరు తెచ్చి నీ చేతుల పెడుదును. ఎందుకొచ్చినవే బిడ్డా?"

నీళ్లు గడ్డం దాకా ఉన్నాయి. అత్త తన చెయ్యి పట్టుకొని ఒడ్డు వైపు లాక్కుపోతుంటే, శకుంతల పిల్లలా వెంట పోయింది. మునిగేది తనేనని అప్పుడు తెలిసింది.

ఇద్దరూ తూము మెట్ల దగ్గర నడుముల్లోతు నీళ్లలో నిలబడ్డారు. పైకి ఎక్కలేదు. వెనక ఎక్కడో లతీఫా ఏడుస్తోంది.

కొమురెల్లి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అతనికీ ఆ మాట అనడం ఇష్టం లేదని చూస్తేనే తెలుస్తోంది.

"అందరి ముందటనే చెప్పిన గద సారక్కా. నీ లెక్క అయిపోయింది, కోడలి లెక్క అయిపోయింది." ఉపేందర్ వైపు తిరిగాడు. "ఇగ ఆ ఇంట్ల మిగిలింది ఉపేందరే. ఏమంటవ్ తమ్మీ? దిగుతవా?"

ఉపేందర్ పాదాలు ఇంకా ఆ నీళ్లలోనే ఉన్నాయి. తల్లి, వదిన ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని అతని వైపే చూస్తున్నారు. అతను మాత్రం వాళ్ల వైపు చూడలేదు. చూడకుండానే అంగీ గుండీలు ఒక్కొక్కటే విప్పసాగాడు.